ఒకే ఇంజిను, రెండు ఊళ్ళు: పల్లం, మెట్ట మధ్య ఒక కేస్ స్టడీ

శ్రీకాకుళం జిల్లాలో రైతు సంఘాలు కట్టించడం నా ఉద్యోగం. పుస్తకాలు రాయించడం, మీటింగులు పెట్టించడం, తగువులొస్తే మధ్యలో కూర్చోవడం అందులో భాగం. మూడేళ్ళ కిందట మా సంస్థ రెండు ఊళ్ళకి చెరో ఆయిలింజను ఇచ్చింది. 5 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిను, పంపు, ఒక చుట్ట రబ్బరు పైపు. రెండు ఊళ్ళకీ ఒకటే రూలు పుస్తకం. ఏడాది తిరిగాక ఒక ఊరి గురించి ‘బాగా నడుస్తోంది’ అని రిపోర్టు రాశాను. రెండో ఊరి గురించి ‘విఫలం’ అని రాశాను. ఆ రెండో మాట తప్పు. ఎందుకు తప్పో నాకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఊళ్ళ పేర్లు రాయను, అక్కడి మనుషుల పేర్లూ రాయను. ఒకటి రణస్థలం, లావేరు వైపు మెట్ట ఊరు. ఇంకోటి పోలాకి వైపు, వంశధార ఎడమ కాలువ కింద పల్లపు ఊరు. గొట్టా బ్యారేజీ దగ్గర వదిలిన నీరు 100 కిలోమీటర్లు దాటిన ఆ కాలువలో వస్తూ వస్తూ సన్నబడి, పిల్లకాలువల్లో పడి, చివరికి ఈ ఊరి మదుము (తూము) దగ్గరికి చేరుతుంది. రెండు ఊళ్ళలోనూ ఎక్కువమంది ఒకే కులం వాళ్ళు, ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. ఒకటే యాస, ఒకటే సంక్రాంతి. అందుకే ఇంజిను కథ ఇంత వేరుగా నడవడం నాకు వింతగా అనిపించింది.

మొదటి మీటింగు

మెట్ట ఊళ్ళో మొదటి మీటింగు మూడు గంటలు సాగింది. అరుపులు, కేకలు. గంటకి అద్దె ఎంత, డీజిల్ ఎవరిది, పాడైతే ఎవరు బాగు చేయించాలి, రాత్రి పూట ఎవరింట్లో పెట్టాలి, అన్నిటికీ గొడవే. ఒకాయన లేచి, ‘నాకొద్దండీ ఈ గోల, నేను సొంతానికి కొనుక్కుంటాను’ అని అందరి ముందే చెప్పి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు. అతను వెళ్ళాక మిగిలిన 18 మంది మళ్ళీ కూర్చుని గంటకి 120 రూపాయలు, డీజిల్ వాడుకున్నవాళ్ళదే అని రాసుకున్నారు. ముందు డబ్బు, తర్వాత ఇంజిను. నేను తల పట్టుకుని ఇంటికొచ్చాను, ఇది నెల తిరక్కుండా కూలిపోతుందని.

పల్లపు ఊళ్ళో మీటింగు పది నిమిషాల్లో అయిపోయింది. రూలు పుస్తకం చదివాను. అందరూ తలూపారు. సంఘానికి అధ్యక్షురాలుగా ఒకావిడని నేనే సూచించాను. డ్వాక్రా గ్రూపులో లెక్కలు బాగా రాస్తుంది, పదో తరగతి చదివింది. సంతకాలయ్యాయి, టీ ఇచ్చారు. ఇంత సామరస్యమైన ఊరు ఇంకోటి లేదనుకున్నాను.

ఏడాది తర్వాత మెట్ట ఊరి పుస్తకంలో ప్రతి గంటకీ లెక్కుంది, పెట్టెలో డబ్బుంది. పల్లపు ఊరి పుస్తకంలో మొత్తం 11 గంటలు రాసి ఉంది. అది కూడా మొదటి నెలలోనే. ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. అధ్యక్షురాలిని అడిగితే, ‘పెద్దగా వాడలేదండి’ అంది. కళ్ళు దించుకుని అంది. నేను ‘విఫలం’ అని రాసేశాను.

మెకానిక్ చెప్పిన మాట

రెండో ఏడు ఖరీఫ్‌కి ముందు ఆ ఇంజినుని సర్వీసింగుకి నరసన్నపేట తీసుకెళ్ళాం. మెకానిక్ హెడ్డు విప్పి, వేలితో లోపల తడిమి, ‘దీన్ని బాగా తిప్పేశారండి, రింగులు మార్చాలి’ అన్నాడు. ‘11 గంటలే తిరిగింది’ అన్నాను. అతను నవ్వాడు. వందల గంటలు తిరిగిన ఇంజిను ఎలా ఉంటుందో చూపించాడు. ఇంజినాయిలు అప్పటికి ఎన్నోసార్లు మార్చారట. మార్చింది తన షాపులోనే. డబ్బులు ఎవరిచ్చారని అడిగితే, ‘ఎవరో ఒకరు ఇస్తారండి, ఒక్కోసారి ఒక్కరు’ అన్నాడు.

అంటే ఇంజిను తిరుగుతూనే ఉంది. బాగా తిరిగింది. నా పుస్తకంలో తప్ప.

ఊళ్ళో నీళ్ళు కట్టే ముసలాయన ఉన్నాడు. మదుము దగ్గర నుంచి చివరి మడి దాకా నీరు ఎప్పుడు ఎవరికి వెళ్ళాలో చూస్తాడు. కాలువ చూసుకునే ఇరిగేషన్ శాఖ లస్కర్ వేరు, ఈయన వేరు. ఈయన్ని ఊరే పెట్టుకుంది, వాళ్ళ నాన్న కూడా ఇదే పని చేశాడు. ఆయన్ని గట్టు మీద కూర్చోబెట్టి అడిగాను. నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూశాడు.

‘పుస్తకమెందుకు బాబూ? ఇంజిను సప్పుడు ఊరంతటికీ ఇనిపిస్తాది కదా. ఎవుల మడిలో ఎన్ని గంటలాడిందో సిన్నపిల్లోడ్ని అడిగినా సెప్తాడు.’

ఇంజిను వంతు నీటి వంతు ప్రకారమే నడిచింది. కాలువ పారినంతకాలం అవసరం లేదు. శివారు మడులకి నీరు అందనప్పుడు పక్కనున్న గెడ్డలో (వాగులో) ఇంజిను పెట్టి తోడుకున్నారు, పై మడి నుంచి కింది మడికి పారించుకున్నారు. అద్దె మాత్రం ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. ఎందుకు అడగలేదంటే, అధ్యక్షురాలి భర్తకి అన్నయ్య పొలం సరిగ్గా ఆ వంతులో మొదట ఉంది. ‘బావగారి దగ్గరికెళ్ళి గంటకి నూట ఇరవై ఇవ్వండని ఎలా అడగమంటారు సార్?’ అంది ఆవిడ, నేను రెట్టించి అడిగాక. మొదటివాణ్ణి అడగకపోతే రెండోవాణ్ణి అడగడానికి నోరు రాదు. అలా పుస్తకం తెల్లగా మిగిలిపోయింది. మొదటి మీటింగులో పది నిమిషాల్లో ‘సరే’ అన్నది ఒప్పుకోవడం కాదు. నలుగురిలో నా మొహం మీద ‘కాదు’ అనలేకపోవడం.

వరి గురించి కొంత

ఆ రోజుల్లోనే వరి సాగుకీ మనుషుల తీరుకీ ముడిపెట్టే పరిశోధన ఒకటి చదివాను. థామస్ టాల్‌హెల్మ్ అనే అమెరికన్ చైనాలో ముందు దక్షిణాన గ్వాంగ్జౌలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పాడు. తర్వాత ఉత్తరానికి వెళ్ళాడు. దక్షిణం వాళ్ళు ఎదుటివాళ్ళతో ఎక్కడ ఘర్షణ వస్తుందోనని ఒదిగి ఉంటారనీ, ఉత్తరం వాళ్ళు మొహం మీదే మాట్లాడతారనీ అతనికి అనిపించింది. యాంగ్సీ నదికి దక్షిణాన వేల ఏళ్ళుగా వరి, ఉత్తరాన గోధుమ. 2014లో సైన్స్ పత్రికలో అతనూ సహచరులూ అచ్చు వేసిన పరిశోధనలో, చైనాలో ఆరు చోట్ల 1,162 మంది విద్యార్థులకి పరీక్షలు పెట్టారు. వరి ప్రాంతాల నుంచి వచ్చిన పిల్లలు వస్తువుల్ని సంబంధాన్ని బట్టి జతచేశారు. స్నేహితుడి విషయంలో, పరాయివాడి విషయంలో వాళ్ళ తీరులో తేడా ఎక్కువ కనిపించింది. ఆ పిల్లల్లో ఎక్కువమంది తమ జన్మలో నాగలి పట్టినవాళ్ళు కారు.

అతని వాదన మన పొలం మీద నిలబడి చూస్తే తేలిగ్గానే అర్థమవుతుంది. నీళ్ళు కట్టి పండించే వరికి గోధుమకన్నా సుమారు రెండింతల పని కావాలి. కాలువ, గట్టు, మదుము ఒక్కడి వల్ల అయ్యేవి కావు. ఉభాల (వరి నాట్ల) సమయంలో ఇంటి మనుషులు చాలరు, బదులుకి వెళ్ళాలి, వాళ్ళు మనకి రావాలి. మన పల్లంలో ఇంకో లంకె కూడా ఉంది. నీరు మడి మీంచి మడికి పారుతుంది. పై మడివాడు యూరియా చల్లి గండి కట్టేసుకుంటే కింది మడివాడు ఆగాలి. ఇప్పుడు కోతకి మిషను వస్తోంది కదా, ఇక ఎవరి దారి వాళ్ళదే అనుకుంటాం. కానీ చుట్టూ పచ్చి చేలుండి మధ్యలో నీ ఒక్క చేను పండితే మిషను లోపలికి ఎలా వెళ్తుంది? అందుకని ఏ రకం వెయ్యాలి, ఎప్పుడు నాటాలి అన్నది కూడా నలుగురితో కలిపే.

మెట్టలో ఆ లంకె లేదు. ఒకప్పుడు చోడి (రాగి), గంటి (సజ్జ), గోగు, నువ్వు, ఉలవ వేసేవారు, ఇప్పుడు ఎక్కువగా మొక్కజొన్న. వాన పడింది, నా గరువు నేను దున్నుకున్నాను. పక్కవాడు పది రోజులు ఆలస్యంగా విత్తితే నాకొచ్చే నష్టం లేదు. అయితే చోడికి కూడా ఆకుమడి పోస్తారు, నాటుతారు, దానికీ మనుషులు కావాలి. కాబట్టి మెట్ట అంటే ఒంటరి సేద్యం అని గీత గీసేయకూడదు. తేడా అసలు కూలీల దగ్గర కన్నా నీటి దగ్గరే ఎక్కువ.

ఆ పరిశోధన మీద విమర్శలు వచ్చాయి. నాకూ మొదట అనుమానమే. వరి వాళ్ళని అలా చేసిందా, అలాంటివాళ్ళే వరి ఉన్నచోట స్థిరపడ్డారా? దీనికి 2024లో టాల్‌హెల్మ్, ఇంకో పరిశోధకుడు కలిసి ఒక జవాబు తెచ్చారు. చైనాలో నింగ్షియా అనే చోట రెండు సర్కారు వ్యవసాయ క్షేత్రాలున్నాయి. మధ్య దూరం 56 కిలోమీటర్లు. ఒకదాంట్లో వరి, ఒకదాంట్లో గోధుమ. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో ప్రభుత్వమే పంపింది, వాళ్ళు ఎంచుకున్నది కాదు. అక్కడ 234 మందిని పరీక్షిస్తే వరివైపు వాళ్ళలో నావాళ్ళు, పరాయివాళ్ళు అనే తేడా ఎక్కువ, సంబంధాలతో చూసే తీరు ఎక్కువ. 56 కిలోమీటర్లు అనగానే నా రెండు ఊళ్ళే గుర్తొచ్చాయి.

పలకల మీద పరీక్ష

ఉత్సాహం ఆగక నేను కూడా రెండు ఊళ్ళలో పలకలు పంచాను. ఇది పరిశోధన కాదు, టీ తాగుతూ ఆడిన ఆట. మొదటిది ఆవు, కోడి, గడ్డి. ఏ రెండు ఒక జత? పెంపుడు జీవాలని ఆవునీ కోడినీ కలుపుతారా, తినే సంబంధాన్ని బట్టి ఆవునీ గడ్డినీ కలుపుతారా అని చూస్తారు. రెండు ఊళ్ళలోనూ దాదాపు అందరూ ఆవు, గడ్డి అన్నారు. తేడా ఏమీ తేలలేదు. మెట్ట ఊళ్ళో ఒక పెద్దాయన మాత్రం, ‘ముందు కోడి ఎవులదో సెప్పండి’ అన్నాడు.

రెండోది వృత్తాల ఆట. నీకు ఒక వృత్తం, నీకు దగ్గరైనవాళ్ళకి తలా ఒక వృత్తం గియ్యాలి. 2014 పరిశోధనలో గోధుమ ప్రాంతం పిల్లలు తమ వృత్తాన్ని సగటున ఒకటిన్నర మిల్లీమీటర్లు పెద్దగా గీశారు, వరి ప్రాంతం వాళ్ళు దాదాపు సమానంగా గీశారు. మా మెట్ట ఊళ్ళో గీతలు అలా ఇలా వచ్చాయి. పల్లపు ఊళ్ళో ఆడవాళ్ళు మొదట అడ్డంగా ఒక పొడుగు గీత గీశారు. ఇదేమిటమ్మా అంటే కాలువట. దాని పక్కన వరసగా ఇళ్ళవాళ్ళని పెట్టుకుంటూ వచ్చారు, ఎవరి పొలం ఎక్కడుంటే వాళ్ళు అక్కడ. ఒకావిడ పలక చూస్తే ఆవిడ వృత్తమే లేదు. ‘మీరెక్కడున్నారు?’ అన్నాను. ‘ఇదిగో, ఈ రెండు మడుల మధ్యన. నేను లేకపోతే వీళ్ళకి నీరెలా పారుతాది?’ అంది. మిల్లీమీటర్లు కొలవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

అద్దె ఎలా వచ్చింది

రెండో ఏడు పల్లపు ఊళ్ళో మళ్ళీ కూర్చున్నాం. ఈసారి నేను రూలు పుస్తకం తీసుకెళ్ళలేదు. నీళ్ళు కట్టే ముసలాయన్నే అడిగాను, ‘మీకు జీతం ఎలా ఇస్తారు?’ అని. కళ్ళం మీద మేర ఇస్తారని చెప్పాడు. ఎకరానికి ఇన్ని కుంచాల ధాన్యం. ఎవరూ వెళ్ళి అడగరు, ఎవరూ ఎగ్గొట్టరు. మిషను కోతలు వచ్చాక కళ్ళం అంటే రోడ్డు వారన టార్పాలిన్ మీద ధాన్యం ఆరబోసే చోటే అయింది, అయినా మేర మాత్రం పోలేదు.

అయితే ఇంజినుకి కూడా మేరే ఇవ్వొచ్చు కదా అన్నాను. వాడినా వాడకపోయినా ఎకరానికి ఇంత.

నాకు అన్యాయంగా అనిపించిన మాటనే నోటితో అన్నాను. ఎందుకంటే మదుముకి దగ్గరున్న పై రైతుకి ఇంజినే అక్కర్లేదు. అతను ఎందుకివ్వాలి? వాడినవాడే కట్టాలి, గంటకి ఇంత, అదే న్యాయం అనేవాణ్ణి నేను. ముసలాయన మాత్రం, ‘పైనోడికి నీరు ముందొస్తాది. అంచేత ధాన్యం కూడా ఆడే ముందియ్యాల’ అన్నాడు. అధ్యక్షురాలి బావగారు ఆ మాట విని, ‘అవును మరి’ అన్నాడు. అంతే. ఆ డిసెంబరులో మొదటి కుంచం ఆయన ధాన్యంలోంచే వచ్చింది. ఆవిడ ఎవరినీ నోరు తెరిచి అడగాల్సిన పని పడలేదు. ధాన్యం అమ్మితే రింగుల ఖర్చు, కొత్త బ్యాటరీలైటు ఖర్చు పోగా మిగిలింది కూడా. సాగునీటి సంఘాల చట్టం 1997లోనే వచ్చింది, సంతకాలు, తీర్మానాలు ఈ ఊరికి కొత్త కాదు. కానీ కాగితం మీది సంఘం, నీటి వంతు సంఘం ఇక్కడ ఎప్పుడూ వేరువేరుగానే బతికాయి. నేను మూడోది తెచ్చి పెట్టాననుకున్నాను.

మెట్ట ఊరి సంగతి రెండు ముక్కల్లో. మీటింగులోంచి లేచిపోయినాయన నిజంగానే సొంత ఇంజిను కొన్నాడు. గంటకి వందకే అద్దెకిచ్చాడు. సంఘం సభ్యులు కూడా అతని దగ్గరే తీసుకోవడం మొదలుపెట్టారు. మూడో ఏడు సంఘం ఇంజినుని తమలో తామే వేలం వేసుకుని, డబ్బు పైసాతో సహా పంచుకుని, పకోడీలు తిని, సంఘం మూసేశారు. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. నేను ఆ రోజు రిపోర్టులో ఏం రాయాలో తెలియక ‘ముగిసింది’ అని రాశాను.

అయితే ఇదంతా మెట్ట పంట మహిమ అనడానికి నాకు ధైర్యం లేదు. ఆ ఊళ్ళో చాలామంది కుర్రాళ్ళు పైడిభీమవరం కంపెనీల్లో షిఫ్టులకి వెళ్తారు. నెల జీతం చేతికొచ్చే ఇల్లు బదులు పని మీద ఆధారపడదు, గంటకి రేటు కట్టడం కూడా దానికి సహజంగానే వస్తుంది. పల్లపు ఊరి కుర్రాళ్ళు హైదరాబాదు, చెన్నై పోతారు, అక్కడ కూడా ఊరివాళ్ళే ఊరివాళ్ళని మేస్త్రీ దగ్గర పెట్టిస్తారు. ఇందులో వరి ఎంత, జీతం ఎంత, కాలువ ఎంత, నేను విడదీయలేను.

వంతు రాని మనిషి

ఇంతవరకు చదివితే పల్లపు ఊరు మంచిది, మెట్ట ఊరు డబ్బు మనుషులది అన్నట్టుంటుంది. నేనూ కొన్నాళ్ళు అలాగే చెప్పుకు తిరిగాను, ట్రైనింగుల్లో కూడా చెప్పాను.

ఆ సంఘంలో ఒక కౌలు రైతు ఉన్నాడు. పొరుగూరివాడు. వైజాగ్‌లో ఉంటున్న ఒకాయన రెండెకరాలు శివార్లో కౌలుకి చేస్తున్నాడు. అందరిలాగే డిపాజిట్ కట్టాడు, అందరిలాగే మేర ఇచ్చాడు. వరి పొట్ట దశలో ఉండగా చేను నెర్రెలిస్తుంటే నాకు ఫోన్ చేశాడు. వెళ్ళి చూస్తే అతని గట్టుకి అటువైపు మడిలో నీళ్ళున్నాయి, ఇటువైపు వేలు దూరేంత నెర్రెలు.

‘ఎవులూ లేదనరు సార్. రేపనీసి అంటారు. రేపెళ్తే ఇంకొకలింటికి ఎళ్ళిపోయిందంటారు.’

ఆఖరికి బయట నుంచి ఇంజిను అద్దెకి తెచ్చుకున్నాడు. మెట్ట ఊళ్ళో అయితే 120 రూపాయలు చేతిలో పెట్టిన ఎవరికైనా ఇంజిను దొరికేది, ఏ ఊరని కూడా అడిగేవారు కాదు. 2019లో చైనావాళ్ళనీ అమెరికావాళ్ళనీ పోల్చిన ఒక పరిశోధన సొంత గుంపులో కలిసి బతకడమంటే ఆప్యాయత ఒక్కటే కాదని, తోటివాళ్ళ మీద కన్నేసి ఉంచడం కూడా అందులో ఉంటుందని చెప్పింది. ఇంజిను చప్పుడు ఊరంతా వింటుంది అని ముసలాయన చెప్పినప్పుడు నాకది ముచ్చటగా వినిపించింది. ఈ కౌలు రైతు కూడా ఆ చప్పుడు ప్రతి రాత్రీ విన్నాడు.

మీటింగులో ఎత్తితే ఏమవుతుందో నాకు ఈపాటికి తెలుసు. ‘అయ్యో, ఇస్తాం సార్’ అంటారు అందరూ. అందుకని ఒంటరిగా ముసలాయన దగ్గరికే వెళ్ళాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘నీరు మడికి బాబూ, మనిషికి కాదు. మడి వరసలో ఉంటే వంతు రావాల’ అన్నాడు. ఆ మాటనే పట్టుకున్నాం. పంచాయతీ గోడ మీద సున్నంతో వంతులు రాయించాం, మనుషుల పేర్లు లేకుండా, మడుల పేర్లతో. కౌలు రైతు చేసే మడికి దాని పాత పేరే రాశారు.

తర్వాతి ఖరీఫ్‌లో అతని వంతు వచ్చింది. అర్ధరాత్రి రెండు గంటలకి ఇంజిను తెచ్చి గట్టు మీద దించి వెళ్ళిపోయారు. పైపు తేలేదు. ఎవరో మర్చిపోయారట. అతను తెల్లవారే దాకా కూర్చుని, పొద్దున్నే నరసన్నపేట వెళ్ళి వంద అడుగుల పైపు సొంతానికి కొనుక్కొచ్చాడు. నాకు ఆ సంగతి వారం తర్వాత తెలిసింది. నాకు ఫోన్ కూడా చేయలేదు.

నవంబరులో సంఘం పైపు చిరిగిపోయింది. మూడిళ్ళవాళ్ళు అతని పైపు కోసం వెళ్ళారని విని, ఊరెళ్ళినప్పుడు అడిగాను, ఇచ్చావా అని.

‘ఇచ్చాను సార్. ఇవ్వకపోతే ఎలాగ? ఆళ్ళ మడుల మీంచే కదా నాకు నీరు రావాల.’